పొయ్యి ఎవరి వంతు?

మా చిన్నప్పుడు శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకు గూడుబండి కట్టేవాళ్లం. బండిలో వరిగడ్డి దట్టంగా పరిచి దానిమీద బొంత వేసేవాళ్లు. ఒక మూల బియ్యం సంచి, పప్పు, చింతపండు, ఇత్తడి గిన్నెలు. ఇంకో మూల కట్టెల మోపు. కదలకుండా గడ్డిలో కుదురుచేసి పెట్టిన నీళ్ల కడవ. సాయంత్రమయ్యేసరికి కొండ కింద చేలన్నీ బండ్లతో నిండిపోయేవి. కాడి దించి ఎద్దులకు మేత వేసీ వేయగానే అమ్మ మూడు రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించేది. ఆ రోజు ఆమెకు ఉపవాసం. అయినా పిల్లలకు వండాలి. బండి తోలుకొచ్చిన మనిషికి వండాలి. తెల్లవారితే ఉపవాసం విడిచే పెద్దవాళ్లకు వండాలి.

నాన్న నన్ను భుజాలమీద ఎక్కించుకుని ప్రభలు చూపించేవాడు. కావూరు ప్రభ, పురుషోత్తమపట్నం ప్రభ, ఏ ఊరి ప్రభ ఆ ఊరిది. తాటిచెట్టును మించిన ఎత్తు, పైనుంచి కిందిదాకా దీపాలు, కింద జనం "చేదుకో కోటయ్యా, చేదుకో" అని అరుపులు. నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అమ్మ పోయే ముందు సంవత్సరం ఓ రోజు మాటల్లో అడిగాను: "నువ్వు ఎన్ని తిరనాళ్లు చూసుంటావమ్మా?"

"చూడటం ఏంది నాయనా. నేను పొగ చూశా" అంది.

ఆ మాట ఆమె బాధగా అనలేదు, మామూలుగానే అంది. అందుకే నాకు మరింత బాధేసింది.

ఈ అధ్యాయం భార్యాభర్తలు ఇద్దరే ఒక బండి తీసుకుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, నాలుగు రోజులు తిరిగిరావడం గురించి. మా పల్నాడులో ఇలాంటిది అలవాటు లేదు. మీకు పెళ్లయినప్పటినుంచి మీరిద్దరే కలిసి చేసిన ప్రయాణాలు ఒక కాగితంమీద రాయండి. అందులో తిరుపతి మొక్కులు కొట్టేయండి. పెళ్లిళ్లు, చావులు కొట్టేయండి. గుంటూరు డాక్టరు దగ్గరికి వెళ్లినవి కొట్టేయండి. ఎన్ని మిగిలాయో చూడండి. మా ఇద్దరికీ 38 ఏళ్లలో రెండు మిగిలాయి.

కాబట్టి వెళ్లమనే చెబుతాను. కానీ వెళ్లేముందు ఒక సంగతి తేల్చుకోమంటాను. వంటిల్లు బండిలో వెంట వచ్చినప్పుడు వంటపని కూడా ఆమె వెంటే వస్తే, అది ఆమెకు సెలవు కాదు. చోటు మారిన చాకిరీ.

కారవాన్ అనగానే మనకు గుర్తొచ్చేది సినిమా హీరోలు షూటింగుల్లో కూర్చునే ఏసీ బస్సు. కానీ మన భాషలో దానికి ఎప్పటినుంచో బిడారు అనే మాట ఉంది. ఎద్దుల వీపుమీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన లంబాడీల బిడార్లు మన తాతలకు తెలుసు. మాచర్ల, దుర్గి, బొల్లాపల్లి వైపు తండాల్లో ఇప్పుడున్న కుటుంబాలు ఆ బిడార్లలో తిరిగినవాళ్ల సంతతే. ఇల్లు వెంట పెట్టుకుని తిరగడం మనకు కొత్తకాదు. సరదాకి తిరగడమే కొత్త.

ఆ సరదాకి ఇంగ్లండులో నూట నలభై ఏళ్ల చరిత్ర ఉంది. 1885లో విలియం గార్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ వైద్యుడు బ్రిస్టల్‌లో ఒక పెద్ద గుర్రబ్బండి చేయించుకున్నాడు. దాని పేరు వాండరర్. రెండు గుర్రాలు లాగేవి. సరుకు రవాణాకూ బతుకుతెరువుకూ కాకుండా కేవలం విహారానికి కట్టించిన తొలి కారవాన్‌గా దాన్ని చెప్పుకుంటారు. 1907లో అక్కడ కారవాన్ క్లబ్ పుట్టింది. అయితే ఆ డాక్టరుగారి వెంట బండి తోలే మనిషి, నౌకరు ఉన్నారు. ఇప్పుడు కారుకు కారవాన్ తగిలించుకుని పోయే రిటైరైన దంపతులకు నౌకర్లెవరూ లేరు. పని ఇద్దరే చేసుకోవాలి. ఎలా చేసుకుంటారో నేను కళ్లారా చూశాను.

మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తాడు. ఒక ఏప్రిల్‌లో మేం వెళ్లినప్పుడు నార్ఫోక్ తీరానికి తీసుకెళ్లాడు. చలి ఇంకా పోలేదు. కంచెల వెంట పసుప్పచ్చ పూలు, చేలల్లో గొర్రెపిల్లలు. ఒక రైతు పొలంలో గడ్డిమీద ఐదు కారవాన్లు ఆగి ఉన్నాయి. ఆ క్లబ్బు ఏర్పాటు కింద రైతులు ఐదింటికి మించకుండా చోటు ఇస్తారట. మా పక్కనే డెబ్బై దాటిన జంట దిగింది. ఆయన మోకాళ్లమీద కూర్చుని హ్యాండిల్ తిప్పుతూ బండి నాలుగు మూలలా కాళ్లు దించాడు. ఆవిడ నీళ్ల పీపాను కుళాయి దగ్గర నింపి, పిడి పట్టుకుని నేలమీద దొర్లించుకుంటూ తెచ్చింది. ఒకరికొకరు ఏమీ చెప్పుకోలేదు. ఎవరి పని వాళ్లకు తెలుసు. తిన్నాక ఆయన ప్లాస్టిక్ బేసిన్‌లో ఎంగిలి గిన్నెలు పెట్టుకుని అందరికీ కలిపి కట్టిన తొట్ల దగ్గరికి నడిచాడు. అక్కడ గిన్నెలు తోముతున్న ముగ్గురూ మగవాళ్లే. ఆవిడ బయట కుర్చీ వేసుకుని సముద్రంకేసి చూస్తూ కూర్చుంది.

నా భార్య ఆ బేసిన్ వైపు చాలాసేపు చూసింది. నాతో ఏమీ అనలేదు.

పోయినసారి శివరాత్రి దాటిన వారానికి మేమిద్దరం నరసరావుపేటలో బయల్దేరాం. మా తమ్ముడి మారుతి ఈకో వ్యాను, వెనక సీటు మడిచి వేసిన పరుపు, చిన్న గ్యాస్ సిలిండర్, రెండు నీళ్ల టిన్నులు. మొదటి మజిలీ కోటప్పకొండే. దూరం కాదు, అరగంట. మొదటి రాత్రి ఇంటికి దగ్గర్లోనే ఉండాలి. ఏదైనా మరిచిపోతే వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు. ఇది మీరూ పాటించండి.

కొండ కింద తిరనాళ్ల పందిళ్లు ఇంకా విప్పుతున్నారు. ఒక సత్రం వాచ్‌మన్‌ను అడిగి ఆవరణలో వేపచెట్టు కింద బండి ఆపాం. నేను మడతకుర్చీ వేసుకుని పేపరు తీశాను. ఆమె వెనక తలుపెత్తి, వంగి, స్టవ్ కిందికి దించి, బియ్యం కడగడం మొదలుపెట్టింది. పదినిమిషాల తర్వాత నడుం పట్టుకుని నిలబడి అంది: "ఏవండీ, ఇంట్లో నిలబడి చేసే పని ఇక్కడ వంగి చేస్తున్నా. అంతకుమించి తేడా ఏముంది?"

అదే కొండ. అమ్మ పొయ్యి పెట్టిన చేను అక్కడికి ఎంతో దూరంలో లేదు. నేను పేపరు మడిచి లేచాను.

ఆ రాత్రి పులగం నేను వండాను. నీళ్లెక్కువై జావలా అయింది. పెసరపప్పు అడుగంటింది. ఆమె తింది. మర్నాడు పొద్దున నేను కాఫీ కాస్తుండగా ఆమె మెట్లదారిలో కొండెక్కింది. త్రికోటేశ్వరుణ్ని చూసుకుని దిగివచ్చేసరికి రెండు గంటలు పట్టింది. వచ్చి ఏమీ చెప్పకుండా కుర్చీలో కూర్చుంది. ముఖంలో ఒక నెమ్మది ఉంది. అంతసేపు ఆమె ఒక్కతే, ఎవరికీ ఏమీ అందించకుండా ఉండటం మా పెళ్లయ్యాక అదే మొదటిసారి అని తర్వాత లెక్కవేసుకున్నాను.

అక్కడే ఒప్పందం చేసుకున్నాం. గరిటె నా చేతిలో, డబ్బు సంచి ఆమె చేతిలో. రెండూ తారుమారు కావడమే ముఖ్యం. ఎంత ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు కదలాలి అనేవి ఆమె చెబుతుంది. ఏం వండాలి, ఎప్పుడు తినాలి, గిన్నెలెవరు తోమాలి అనేవి నా తలనొప్పి. మగవాళ్లకు నా సలహా: బయల్దేరడానికి పదిరోజుల ముందునుంచి ఇంట్లో మూడంటే మూడు వంటలు నేర్చుకోండి. అన్నం వార్చకుండా సరిగ్గా ఉడికించడం, పప్పుచారు, ఉప్మా. గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి సీసాల్లో ఎటూ వస్తాయి. ప్రయాణంలో అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆడవాళ్లకూ ఒక మాట. ఆయన ఉప్పు ఎక్కువ వేసినా, తాలింపు మాడ్చినా చేతిలోంచి గరిటె లాక్కోకండి. నా భార్యకు ఇదే అన్నిటికంటే కష్టమైంది. రెండోరోజు మధ్యాహ్నం ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అప్పుడు నాకు ఉల్లిపాయ తరగడం రాకపోవడం కంటే ఆమెకు ఊరుకోవడం రాకపోవడం పెద్ద సమస్య అని అర్థమైంది. ఇద్దరమూ నేర్చుకోవాల్సిందే.

ఇక బండి సంగతి. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకం మొదలుపెట్టింది. మంచాలు, బాత్‌రూమ్ ఉన్న బండ్లు దేశంలో చాలాచోట్ల అద్దెకూ వస్తున్నాయి. కానీ అది ఖరీదైన వ్యవహారం. ఇద్దరికి ఈకో, పాత ఓమ్ని, బొలెరో ఏదైనా చాలు. సీటు మడిచి పరుపు వేసుకోండి. సీట్లు పీకి, వెల్డింగ్ పెట్టి బండి రూపం మార్చాలంటే మాత్రం ఆర్టీవో అనుమతి ఉండాలి. లేకపోతే దారిలో ఇబ్బంది, బీమాకూ ఇబ్బంది. బండి లోపల స్టవ్ ఎప్పుడూ వెలిగించకండి. గాలి చాలక ప్రాణం మీదికి వస్తుంది. పడుకునేటప్పుడు రెండువైపులా అద్దాలు రెండు వేళ్ల మందం దించి, దోమతెర గుడ్డ కట్టుకోండి. సిలిండర్‌ను ఎండలో నిలిపిన బండిలో వదిలేయకండి. నీడలో, బయట, నిలువుగా పెట్టండి.

అన్నిటికంటే పెద్ద విషయం, పుస్తకాల్లో ఎవరూ రాయని విషయం, మరుగుదొడ్డి. మొదటిరోజు ఆమె పొద్దుటినుంచి మంచినీళ్లు ముట్టలేదు. మధ్యాహ్నానికి తలపోటు. ఎందుకు తాగలేదని అడిగితే "ఎక్కడ ఆగుతామో ఏమో" అంది. మన ఆడవాళ్లు ప్రయాణాల్లో దాహాన్ని ఇలా దాచుకుంటారు. బస్సులో పక్కనే కూర్చున్న మొగుడికి ఆ సంగతి తెలియదు. అందుకే దారి గీసుకోవాల్సింది గుళ్లను బట్టి కాదు, శుభ్రమైన మరుగుదొడ్లను బట్టి. పెద్ద పెట్రోలు బంకులు, సత్రాలు, దేవస్థానం వసతిగృహాలు. ప్రతి రెండు గంటలకూ ఒకటి ముందే గుర్తుపెట్టుకోండి. అడిగే పని మగవాడు చేయాలి. బండి దిగి, లోపలికి వెళ్లి, శుభ్రంగా ఉందో లేదో చూసివచ్చి చెప్పాలి. రెండోరోజు నుంచి నేను ఆ పని చేశాను. ఆమె నీళ్లు తాగింది.

దారిలో చేజర్ల వెళ్లాం. నకరికల్లు మండలంలో ఉంది. కపోతేశ్వరాలయం వెనకభాగం కూర్చున్న ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. ఒకప్పుడు అది బౌద్ధ చైత్యమని చరిత్రకారులు చెబుతారు. పావురం కోసం తన ఒంటి మాంసం కోసి తూకం వేసిన శిబి చక్రవర్తి కథ అక్కడిదేనని ఊరివాళ్లు చెబుతారు. అరగంటలో చూసేయొచ్చు. కానీ రావిచెట్టు నీడ బాగుంది, ఇంకో గంట కూర్చున్నాం. తొందరపడకపోవడం సొంత బండిలో ఉన్న అసలు సుఖం.

కారెంపూడిలో మాత్రం ఒక పూట ఆగండి. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగింది అక్కడే, నాగులేరు ఒడ్డున. ఏటా కార్తీక అమావాస్యకు ఐదురోజుల వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఆ ఐదురోజులూ ఊరు నిండిపోతుంది. మేం వెళ్లిన ఫాల్గుణంలో వీరుల గుడి దగ్గర మేమిద్దరమే ఉన్నాం. మందపోరు రోజున చాపకూడు పెడతారు. మాచర్ల బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి తినిపించాడని చెప్పుకునే ఆనవాయితీ అది. ఏళ్ల తరబడి బళ్లో పిల్లలకు ఆ పాఠం చెబుతూ వచ్చినవాణ్ని. ఎనిమిది వందల ఏళ్లనాడు ఎవరెవరో ఒకే చాపమీద కూర్చున్నారని చెప్పాను. మా ఇంట్లో మాత్రం ఆమె అందరికీ వడ్డించి చివర్న వంటింట్లో ఒక్కతే తినేది. ఆ రోజు గుడి బయట చెట్టు కింద చాప వేసి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. వడ్డన నేనే చేశాను.

తింటూ ఆమె మాంచాల గురించి ఎత్తింది. పల్నాటి యుద్ధవీరుడు బాలచంద్రుడి భార్య. పెళ్లయినా మొగుడు ఇంటి మొహం చూడలేదు. చివరికి యుద్ధానికి పోతూ ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె వీరతిలకం దిద్ది పంపింది. అతను తిరిగిరాలేదు. "అందరూ ఆమె ధైర్యం గురించే చెబుతారు. ఆమెకు మొగుడితో మాట్లాడుకోవడానికి ఎంతసేపు దొరికిందో ఎవరూ చెప్పరు" అంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ కథ పాఠంగా చెప్పిన నాకు ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు.

ఆ రాత్రి దుర్గి వైపు, తెలిసిన రైతు ఒకాయన మిరపకల్లం పక్కన ఆగాం. ఫాల్గుణంలో పల్నాడు చూడాలంటే గుళ్లకంటే కల్లాలే చూడాలి. చదును చేసిన నేలమీద ఎకరాలకొద్దీ ఎర్రగా ఎండుతున్న మిరప. సాయంత్రం మంచు పడకముందు కుప్ప చేసి పట్టాలు కప్పుతారు. పొద్దున మళ్లీ పరుస్తారు. దొంగల భయానికీ, వాన భయానికీ రైతులు నెలల తరబడి కల్లంలోనే పడుకుంటారు. ఆ మొగుడూపెళ్లాలకు అరవై దాటాయి. పట్టా కింద నులకమంచం, పక్కన ఇటుకల పొయ్యి, కర్రకు వేలాడదీసిన సెల్‌ఫోను.

"ఏంది సారూ, ఇల్లు వాకిలీ ఉండి బండిలో పడుకుంటున్నారేంది?" అన్నాడాయన.

నేను జవాబు వెతుక్కుంటుంటే ఆవిడే నా భార్యతో అంది: "మాకు ఇదే బాగుంటదమ్మా. ఇంటికాడ టీవీ, మనవళ్లు, వచ్చేపోయేవాళ్లు. ఈయన నాతో మాట్టాడేది ఈ కల్లంలోనే. ధర పడిపోయిందని తిట్టుకుంటా కూచున్నా సరే, మాట్టాడతాడు."

నేను వండిన పప్పుచారు వాళ్లకూ పెట్టాం. ఆయన వింతగా చూశాడు, ఆవిడ నవ్వింది. పొద్దున బయల్దేరేటప్పుడు ఆవిడ దోసెడు ఎండుమిరపకాయలు కాగితంలో చుట్టి ఇచ్చింది. డబ్బు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టింది. మీకు తెలిసిన రైతు ఎవరైనా ఉంటే ముందురోజే ఫోన్ చేసి అడగండి. రోడ్డు పక్కన ఆగడంకంటే అదే క్షేమం. అయితే కల్లానికి గాలివాలున మాత్రం బండి పెట్టకండి. మేం అర్ధరాత్రి దగ్గుతో లేచి బండిని అవతలి వైపు మార్చుకోవాల్సి వచ్చింది.

మూడోరోజు గొడవపడ్డాం. చెప్పకుండా దాటేస్తే ఈ అధ్యాయం అబద్ధమవుతుంది. ఇరుకు చోట నాలుగు రోజులుంటే ఏ జంటకైనా పాత లెక్క ఏదో ఒకటి పైకి లేస్తుంది. మాకు లేచింది ఇరవై ఏళ్లనాటి ఇంటిస్థలం అమ్మకం. ఆమె వద్దంది, నేను అమ్మాను. ఎత్తిపోతల దారిలో మొదలై, జలపాతం దగ్గరికి వెళ్లేసరికి ఇద్దరం మూగవాళ్లమయ్యాం. చంద్రవంక నీళ్లు 70 అడుగుల ఎత్తునుంచి పడుతున్నాయి. కింద మడుగులో మొసళ్లుంటాయి, దిగకూడదు. పైన కమ్మీ పట్టుకుని ఆమె ఒక చివర, నేను ఒక చివర నిలబడ్డాం. ఇంట్లో అయితే ఒకరు వసారాలోకో, ఒకరు బజారుకో పోతాం. రాత్రికి మామూలవుతాం. కానీ తేలదు. బండిలో పోవడానికి వేరే గది లేదు. అది కష్టమే, కానీ అందులోనే మేలు కూడా ఉంది. ఒక్క నియమం పెట్టుకోండి: బండి నడుస్తుండగా పాత సంగతులు ఎత్తకూడదు. నడిపే మనిషి చూపు రోడ్డుమీద నిలవదు. ఆగాక, దిగాక, నీడన కూర్చున్నాక ఎత్తండి.

మధ్యాహ్నానికి నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున ఉన్న అనుపు చేరాం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పటికే లోయలో తవ్వకాలు సాగుతున్నాయి. 1954 నుంచి 1960 దాకా తవ్వి, ఇక్ష్వాకుల విజయపురి నీళ్లలో మునిగిపోకముందే అక్కడి కట్టడాలు కొన్నిటిని విప్పి తెచ్చి నాగార్జునకొండమీదా, అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. అనుపులో ఉన్న రంగస్థలం చుట్టూ మెట్లుంటాయి. మధ్యలో నిలబడి మాట్లాడితే పై మెట్టుదాకా మాట అందుతుంది. ఆమె పైన కూర్చుంది. నేను కింద నిలబడి, మామూలు గొంతుతోనే అన్నాను: "ఆ స్థలం విషయంలో నీ మాట వినాల్సింది."

"వినపడుతోంది. గట్టిగా చెప్పక్కర్లేదు" అంది పైనుంచి.

అంతే. స్థలం తిరిగిరాదు. కానీ ఆ మాట ఇరవై ఏళ్లుగా ఆమె ఎదురుచూస్తున్నదని ఆ గొంతులో తెలిసింది.

నాగార్జునకొండకు లాంచీ ఎక్కాలనుకుంటే విజయపురి సౌత్‌లో ముందే కనుక్కోండి. నీటిమట్టాన్ని బట్టి, మనుషుల్ని బట్టి నడుపుతారు. శుక్రవారం మ్యూజియం సెలవు. నల్లమల అడవిదారుల్లో రాత్రి బండి ఆపి పడుకోవడం మాత్రం వద్దు. అది పులుల అభయారణ్యం.

సముద్రం కూడా చూడాలని ఆమె అడిగింది. వెనక్కి వచ్చి, చిలకలూరిపేట మీదుగా బాపట్ల దాటి సూర్యలంక చేరాం. పెద్దగా రాయడానికేమీ లేదు. వారాంతంలో వెళ్లకండి, తెల్లవారుజామున వెళ్లండి, మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగకండి, బండి ఇసుకలోకి తోలకండి. టీ నేను కాచాను. ఆమె ఖాళీ చేతులతో కూర్చుని సూర్యోదయం చూసింది. నార్ఫోక్‌లో ఆ పెద్దావిడ కూర్చున్నట్టే.

వెళ్లాలనుకునేవాళ్లు శివరాత్రికీ ఉగాదికీ మధ్య వెళ్లండి. ఆ నెలరోజులే పల్నాడుకు వసంతం. రాత్రిళ్లు ఇంకా దుప్పటి కావాలి, అడవంచున మోదుగులు పూసి ఉంటాయి, సాగర్ కాలువల్లో నీళ్లుంటాయి. ఆ తర్వాత రెంటచింతల పేరు ఎండల వార్తల్లోకి వస్తుంది, రేకుబండి పెనమవుతుంది. బీపీ, షుగరు ఉన్నవాళ్లు మాత్రలు రెండురోజులకు ఎక్కువే పెట్టుకోండి. పిల్లలు "మేమూ వస్తాం" అంటే వచ్చే ఏడు రమ్మనండి. ఒక్కసారైనా ఇద్దరే వెళ్లండి.

వచ్చే శివరాత్రికి మేం కోటప్పకొండకే వెళుతున్నాం. తిరనాళ్ల రాత్రి బండి దగ్గర నేనుంటాను. తెల్లవారి ఉపవాసం విడవడానికి పులగం నేనే వండుతాను. ప్రభలు ఆమె చూసి వస్తుంది.